ఆనంద కుమారస్వామిని ఎక్కడ మొదలుపెట్టి చదవాలి, ఎంతవరకు మెచ్చుకోవాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ, కళ మీద, తత్త్వం మీద ఈమధ్యే ఆసక్తి కలిగిన మీరు, పెద్దలు పదేపదే చెబుతున్నారని కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి రాసిన "డాన్స్ ఆఫ్ శివ" కొన్నారు. నటరాజు గురించిన వ్యాసం చదివి పరవశించారు. అదే పుస్తకంలో భారతీయ స్త్రీల స్థితి గురించిన వ్యాసానికి వచ్చేసరికి, సతీసహగమనాన్ని ఆయన గౌరవంతో సమర్థించిన తీరు చూసి పుస్తకం మూసి పక్కన పెట్టారు. ఈయనను ఇంతమంది ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు, మళ్లీ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, మనసు ఒప్పని మాటలు రాసినవారిని అభిమాన రచయిత అని చెప్పుకోవచ్చా అని అడుగుతున్నారు.

ముందు నేరుగా సమాధానం చెబుతాను. తప్పకుండా చదవండి. అయితే "డాన్స్ ఆఫ్ శివ"తో కాకుండా, 1943లో వెలువడిన "వై ఎగ్జిబిట్ వర్క్స్ ఆఫ్ ఆర్ట్?" సంపుటిలోని మొదటి వ్యాసంతో మొదలుపెట్టండి, దాన్ని ఏదో ఒక వస్తువు ఎదుట కూర్చుని చదవండి. వస్తువును ఆయన చూసే పద్ధతి నేర్చుకోదగినది. సమాజం గురించి ఆయన ఇచ్చిన తీర్పులు మాత్రం వాదించి తేల్చుకోవలసినవి. ఈ రెండింటినీ విడదీయడం సాధ్యమేనా అన్న అనుమానం మీకు రావచ్చు. ఒకచోట సాధ్యం కాదు, ఆ చోటు గురించి తరువాత చెబుతాను.

నేను ఈ నగరంలో ముప్పై ఏళ్లకు పైగా చిత్రకళ విద్యార్థులకు కళాచరిత్ర పాఠాలు చెప్పాను. కుమారస్వామిని మొదటిసారి తప్పు దారిలో చదివినవారిలో నేనూ ఒకణ్ని. 1986లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద "ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్" పాత ప్రతి దొరికింది. అది 1934 నాటి పుస్తకం. మొదటి అధ్యాయంలోనే సంస్కృత శిల్పశాస్త్రాలు, చైనా చిత్రకళా సూత్రాలు, లాటిన్ మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో నిఘంటువులు ముందు పెట్టుకుని నాలుగు నెలల్లో నలభై పేజీలు చదివాను. ఆ నలభై పేజీలలో నాకు దక్కినవి నేను పెన్సిల్‌తో గీసుకున్న గీతలే. నా అవస్థ చూసి, నాకంటే వయసులో చాలా పెద్దవారైన ఒక అధ్యాపకులు, "ఆయన మ్యూజియం ఉద్యోగి అయ్యా. ముప్పై ఏళ్లు వస్తువుల మధ్య కూర్చుని రాసిన మనిషిని నువ్వు లైబ్రరీలో కూర్చుని చదివితే ఎలా?" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. 1917లో బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో భారతీయ కళావిభాగం బాధ్యత తీసుకున్న కుమారస్వామి 1947లో కన్నుమూసేవరకు ఆ మ్యూజియంతోనే ఉన్నారు.

ఆ తరువాతి ఆదివారం పుస్తకం సంచిలో వేసుకుని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాను. అక్కడ జనం ఎక్కడ గుమికూడతారో మీకు తెలుసు. గంట కొట్టే వేళకు గడియారం ముందు, మిగిలిన వేళల్లో మేలిముసుగు రెబెకా ముందు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. పాలరాతిలో పల్చని ముసుగు, ముసుగు లోపలి ముఖం కనిపించడం చూసి ఎవరైనా అబ్బురపడతారు. నేనూ పడ్డాను, ఇప్పటికీ పడతాను. కానీ ఆరోజు నల్లని లోహంలో వెండి పొదిగిన బిద్రీ సామాన్లు ఉన్న అద్దాల బీరువా ముందు ఆగి, హుక్కా అడుగుభాగం ఒకటి చూస్తూ ఉండగా, ఆ నలభై పేజీలలో అర్థంకాని విషయం ఒకటి కొంత తెరుచుకుంది.

రెబెకాను చూసినప్పుడు మనం "ఎలా చేశాడబ్బా" అంటాము. ఆ ప్రశ్నతోనే మన చూపు ఆగిపోతుంది. హుక్కా అడుగుభాగాన్ని చూసినప్పుడు అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. ఇది దేని కోసం? గంటలాగా కిందికి వెడల్పయ్యే ఆ ఆకారం పరచిన తివాచీ మీద దొర్లిపోకుండా నిలవడానికి, లోపల నీళ్లు నిండడానికి. ఎవరి చేతికి అందడానికి? దేనితో చేశారు? ఏ రూపాన్ని మనసులో పెట్టుకుని చేశారు? కుమారస్వామి రాసిన వందలాది వ్యాసాలలో నాకు ఎక్కువగా ఉపయోగపడినది ఈ ప్రశ్నల వరుసే. దీన్ని ఆయన సొంతంగా కనిపెట్టలేదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాలు, మన తార్కికులు కుండను, మట్టిని, కుమ్మరిని ఉదాహరణగా పెట్టుకుని చేసిన కారణ విచారం, మధ్యయుగపు క్రైస్తవ పండితుల కళాసిద్ధాంతం, అన్నిటినీ ఒక దారానికి గుచ్చి, మ్యూజియంలో అద్దం వెనుక ఉన్న వస్తువు మీద ప్రయోగించారు. "బాగుందా లేదా" అనే ప్రశ్న ఆయన దగ్గర చివర వస్తుంది. ఏ పని కోసం చేశారో ఆ పనికి పూర్తిగా తగినట్టు కుదిరిన వస్తువు అందంగా ఉంటుందని, అందం అనేది ఆ పరిపూర్ణతకు ఉన్న ఆకర్షణ అని ఆయన వాదం.

నేను మొదట చదవమన్న వ్యాసం మ్యూజియం ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగం. అందువల్ల ఆయన భాష అక్కడ కొంత తేలికగా ఉంటుంది, కొంచెం వెక్కిరింత కూడా ఉంటుంది. మ్యూజియంలోని ప్రాచీన వస్తువులలో చాలా భాగం మ్యూజియం కోసం చేసినవి కావని, పూజకో, భోజనానికో, యుద్ధానికో, పడకకో చేసినవని గుర్తుచేసి, వాటిని వాటి పని నుంచి విడదీసి "కళాఖండాలు" అని పేరుపెట్టడంలో ఏదో పొరపాటు జరిగిందంటారు. కళాకారుడంటే ఒక ప్రత్యేకమైన మనిషి కాదని, ప్రతి మనిషీ ఒక ప్రత్యేకమైన రకం కళాకారుడని ఆయన చెప్పిన ప్రసిద్ధమైన మాట కూడా ఈ ఆలోచనలోంచే పుట్టింది. ఆ మాటను ప్రోత్సాహకరమైన సూక్తిగా గోడల మీద రాస్తుంటారు. ఆయన ఉద్దేశం ప్రోత్సాహం కాదు. వడ్రంగిని, వంటమనిషిని, వైద్యుణ్ని కళ నుంచి బయటికి నెట్టి, కొందరినే లోపల కూర్చోబెట్టిన ఏర్పాటు మీద చేసిన ఫిర్యాదు అది.

ఆ బిద్రీ వస్తువు నన్ను పాతబస్తీలోని ఒక చిన్న కార్ఖానాకు తీసుకువెళ్లింది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన వస్తువు మీద ముందు మైలుతుత్తం నీళ్లు రాసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. గీసిన గీత కనిపించాలి కదా. ఆ గీతలను ఉలితో తొలిచి, వెండి తీగను సుత్తితో ఎక్కించి, ఆకురాయితో నున్న చేస్తారు. చివర బీదరు కోట మట్టిని నవసాగరంతో కలిపి వేడి మీద రుద్దితే లోహమంతా కాటుకలా నల్లబడి వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. మట్టి మంచిదో కాదో ఉస్తాద్ నాలుక మీద వేసుకుని చెప్పేవారు. నేను అప్పట్లో కొత్తగా చదువుకున్న ఉత్సాహంలో, "ఈ తీగ నమూనా మీ సొంతమా?" అని అడిగాను. ఆయన నవ్వి, "చెయ్యి నాది సాబ్, చాల్ (పోకడ) మా ఉస్తాద్‌ది. నా సొంతమని చెబితే ఎవరు కొంటారు?" అన్నారు. కొత్తదనం గురించి, కర్త పేరు గురించి కుమారస్వామి ఇరవై పేజీలు రాసినదాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పారు. అయితే ఆ మాట చివరి భాగంలో బజారు కూడా ఉందని నేను గమనించడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇక ఆయన జీవితం. మీరు అడగలేదు గానీ కొంచెం తెలియడం అవసరం. 1877 ఆగస్టు 22న కొలంబోలో పుట్టారు. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి తమిళుడు, తల్లి ఎలిజబెత్ ఇంగ్లండు స్త్రీ. రెండేళ్లకే తండ్రి పోవడంతో ఇంగ్లండులో పెరిగి, లండన్‌లో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివారు. సింహళంలో ఖనిజ సర్వేకు అధిపతిగా పనిచేసి థోరియనైట్ అనే ఖనిజాన్ని గుర్తించారు. రాళ్లను వెతుక్కుంటూ పల్లెలు తిరుగుతున్న ఆ రోజుల్లోనే, దిగుమతి సరుకు ముందు నిలవలేక చేతిపనులు అడుగంటడం చూసి కళవైపు మళ్లారు. "మిడీవల్ సింహలీస్ ఆర్ట్" 1908లో వచ్చింది. 1916లో రాజపుత్ర చిత్రకళ మీద రెండు సంపుటాలు రాసి, మొగలు చిత్రాలకంటే దాని మూలాలు, మనసు వేరని చూపించారు. తన సేకరణ ఆధారంగా ఈ దేశంలోనే ఒక జాతీయ మ్యూజియం ఏర్పడాలని కోరుకున్నారు, అది నెరవేరలేదు. సేకరణా, ఆయనా బోస్టన్ చేరారు. తన జీవితచరిత్ర రాస్తామని వచ్చినవారిని మాత్రం ఆయన వారించారు. అది వినయం కాదని, సిద్ధాంతమని చెప్పారు. మనుషుల ప్రతిరూపాలు చేయడం అస్వర్గ్యమని శుక్రనీతిసారంలో ఉన్న మాటను ఆయన తనకు కూడా వర్తింపజేసుకున్నారు. కాబట్టి ఈ పేరా ఇక్కడితో ఆపుతున్నాను.

ఆపేముందు తెలుగువారికి సంబంధించిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. చీరాల-పేరాల ఉద్యమ నాయకుడిగా, రామదండు నిర్మాతగా మనం ఎరిగిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, నందికేశ్వరుని "అభినయదర్పణం" ఆంగ్లానువాదంలో కుమారస్వామికి సహకర్త. "మిర్రర్ ఆఫ్ జెస్చర్" పేరుతో 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ఆ పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నాట్య విద్యార్థులకు చేతిముద్రలు చెప్పేటప్పుడు నేను ఈ విషయం చెబితే ఒక్కసారిగా తలెత్తి చూసేవారు. నాలుగేళ్ల తరువాత ఒక ఊరి ఊరంతటినీ ఖాళీ చేయించి బయట గుడిసెలు వేయించిన మనిషి, అంతకుముందు పతాక, త్రిపతాక, అర్ధపతాక హస్తాల లక్షణాలను ఇంగ్లీషులోకి దించుతూ కూర్చున్నాడని ఊహించుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. కళ వేరు, జీవితం వేరు అని కుమారస్వామి ఒప్పుకోరన్న సంగతికి ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగువారికి అక్కర్లేదు.

మిమ్మల్ని పరవశింపజేసిన నటరాజు వ్యాసం గురించి. 1918 సంపుటిలోని పద్నాలుగు వ్యాసాలలో అదే ఎక్కువ పేరు తెచ్చుకున్నది, న్యాయంగానే. డమరుకంలో సృష్టి, అభయహస్తంలో స్థితి, అగ్నిలో సంహారం, ఎత్తిన పాదంలో అనుగ్రహం అంటూ ఒక కంచు విగ్రహాన్ని అవయవం అవయవంగా చదివి, చివరకు ఆ నృత్యం జరిగే చిదంబరం మనిషి హృదయమేనని చూపిస్తారు. అయితే అది చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆయన ఆధారపడిన తమిళ శైవసిద్ధాంత గ్రంథాలలో "ఉణ్మై విళక్కం" వంటివి, పదవ శతాబ్దంలోనే రూపుదిద్దుకున్న చోళుల కంచు నటరాజు కంటే తరువాతి కాలంవి. తరువాత వచ్చిన భాష్యాన్ని ముందున్న విగ్రహంలోకి చదివారని విమర్శ ఉంది, అది సరైన విమర్శే. పోతపోసిన స్థపతి మనసులో ఈ అర్థాలన్నీ ఇదే వరుసలో ఉన్నాయని మనం ప్రమాణం చేయలేము. అందువల్ల ఆ వ్యాసం పనికిరానిది కాదు. తరువాతి భక్తులు ఆ విగ్రహంలో ఏమి చూశారో తెలుసుకోవడానికి అంతకంటే మంచి వ్యాసం లేదు.

చరిత్రకారుడిగా ఆయన బలం చూడాలంటే 1927లో వెలువడిన "ఆరిజిన్ ఆఫ్ ద బుద్ధ ఇమేజ్" చదవాలి. బుద్ధుని విగ్రహం గాంధారంలో గ్రీకు ప్రభావంతోనే పుట్టిందని ఫ్రెంచి పండితుడు ఫూషే వాదించగా, ఉత్తరాదిలోని మథురలో అంతకుముందే ఉన్న యక్ష విగ్రహాల సంప్రదాయంలోంచి అది స్వతంత్రంగా ఎదిగిందని కుమారస్వామి వస్తువులను పక్కపక్కన పెట్టి చూపించారు. ఇక్కడ పరవశం లేదు, ప్రవచనం లేదు. భుజం ఎలా ఉంది, వస్త్రం ఏ భుజం మీద ఉంది, పాదాల మధ్య ఏముంది అంటూ ఖనిజాలను పరీక్షించిన కన్నుతో చూస్తారు. ఇది చదివి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో బౌద్ధ శిల్పాలున్న గదికి వెళ్లండి. మన కృష్ణాతీరపు స్తూపాలలో మొదట పాదముద్రలుగా, ఖాళీ ఆసనంగా, బోధివృక్షంగా మాత్రమే సూచితుడైన బుద్ధుడు తరువాత మనిషి రూపంలో నిలబడడం అమరావతి శిల్పాలు ఎరిగినవారికి తెలిసిందే. ఆ మార్పు ముందు నిలబడి ఆ వ్యాసం చదివితే వాదం ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ లాగినట్టుందో మీ కంటికే తెలుస్తుంది.

ఆయన చివరి పదిహేనేళ్లలో మతాల మీద, తత్త్వం మీద రాసిన బరువైన వ్యాసాల జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. మధ్యయుగపు జర్మన్ తత్త్వవేత్త ఎక్‌హార్ట్, శంకరుడు, ప్లేటో, పాలీ సూత్రాలు అన్నీ ఒకే సత్యాన్ని చెబుతున్నాయని నిరూపించే ప్రయత్నంలో పేజీలో మూడు వంతులు పాదసూచికలే ఉంటాయి. ఆ ఏకవాక్యత నాకు పూర్తిగా నచ్చదు. అన్నమయ్య, వేమన ఒకే మాట చెప్పారంటే ఒక ఎత్తు నుంచి నిజమే కావచ్చు గానీ, ఆ ఎత్తు నుంచి ఇద్దరి ముఖాలూ కనిపించవు. తేలికైన చెయ్యి కావాలనుకుంటే మన తుమ్మపూడి సంజీవదేవ్‌ను పక్కన పెట్టుకుని చదవండి. కళనూ తత్త్వాన్నీ కలిపి ఆలోచించడం తెలుగు వాక్యంలో ఎంత సహజంగా ఒదుగుతుందో ఆయన దగ్గర చూడవచ్చు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. నేను దీని దగ్గర చాలాకాలం తప్పించుకు తిరిగాను.

కొన్నేళ్ల కిందట నగరంలో జరిగిన ఒక చిన్న శిక్షణ శిబిరంలో చేర్యాల నకాషీ చిత్రాల గురించి మాట్లాడాను. గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథను వరుసలుగా గీసి, గజాల కొద్దీ పొడవు చుట్టే ఆ పటాలు గోడకు తగిలించడానికి పుట్టినవి కావు. రాత్రిపూట కథకుడు ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడడానికి పుట్టినవి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పినట్టు, ఒక్కో కులానికీ ఒక్కో కథ, ఆ కథ చెప్పే ఆశ్రిత కులం, వారి పటం ఉంటాయి. కొండాపూర్ ఫ్లాట్‌లో అడుగు పొడవు ముక్కకు ఫ్రేమ్ కట్టి సోఫా మీద తగిలించినప్పుడు ఏమి పోయిందో చెప్పడానికి కుమారస్వామి కంటే తగినవారు లేరు. అంతవరకు నా ప్రసంగం బాగానే నడిచింది. తరువాత 1909 నాటి ఆయన "ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్" పుస్తకం ధోరణిలోకి జారి, వంశపారంపర్యంగా వచ్చిన వృత్తిలో పనివాడికి పోటీ బెంగ ఉండదని, పనే అతనికి సాధన అని చెప్పుకుంటూ పోయాను. వెనక వరుసలోంచి ఒక కుర్రవాడు లేచి, "సార్, మా నాయన కూడా బొమ్మలే వేసిండు. సాధన అని మాకెవరూ చెప్పలే. అప్పు ఉండె, అది చెప్పిండ్రు" అన్నాడు. సభలో కొందరు నవ్వారు. నాకు జవాబు రాలేదు.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆ కుర్రవాడి మాటకు వెనుక ఇంకొకటి తోచింది. అవే పటాలలో మాదిగలకు డక్కలివారు చెప్పే జాంబపురాణం కూడా ఉంది. సృష్టికి ముందు నుంచీ ఉన్నవాడు తమ మూలపురుషుడు జాంబవుడని, బ్రాహ్మణుడితో వాదించి నిలిచాడని చెప్పే కథ అది. అంటే కుమారస్వామి ఎవరి స్థానంలో వారు తృప్తిగా ఉన్నారని వర్ణించిన ఆ సంప్రదాయంలోనే, ఆ స్థానాన్ని ఒప్పుకునేది లేదని చెప్పడానికి కూడా జనం బొమ్మలు గీయించుకున్నారు, పాడించుకున్నారు. ఆయన పద్ధతిలోనే "ఇది దేని కోసం, ఎవరి కోసం" అని ఆ పటాన్ని అడిగితే వచ్చే జవాబు ఆయన సమాజ చిత్రంలో ఇమడదు. ఆయన చూపు విడిగా, ఆయన తీర్పు విడిగా తీసుకోవచ్చని నేను అంటున్నది ఈ అర్థంలోనే. ఆయన ఇచ్చిన ప్రశ్నలతో ఆయనను కూడా ప్రశ్నించవచ్చు.

విడదీయడం సాధ్యం కాని చోటు మీరు పుస్తకం మూసిన ఆ వ్యాసమే. సహగమనం చేసిన సతులను జాలితో కాక అర్థం చేసుకుని గౌరవంతో చూస్తామని ఆయన రాసినప్పుడు, అది ఏదో కాలధర్మంగా దొర్లిన మాట కాదు. మనిషి తన వ్యక్తిత్వాన్ని ఒక ఆదర్శంలో కరిగించుకోవడమే ఉన్నతమన్న ఆయన మూల భావన, శిల్పి పేరు లేకుండా పనిచేయడాన్ని మెచ్చుకున్న భావనే, అక్కడ ఒక స్త్రీ శరీరం మీద నిలబడింది. కాలం వేరని కూడా తప్పించుకోలేము. ఆ పుస్తకం 1918లో వచ్చేనాటికి రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించి ముప్పై ఏడేళ్లు గడిచాయి. పాశ్చాత్యుల ఎగతాళికి ఎదురు నిలవాలన్న పౌరుషం ఆయనను అక్కడికి నెట్టిందని అర్థం చేసుకోవచ్చు, అర్థం చేసుకున్నాక కూడా ఆ వ్యాసాన్ని నేను అంగీకరించను. ఆయన నా అభిమాన రచయిత అని చెప్పుకోవడం కూడా మానలేదు. ఎవరైనా నిలదీస్తే ఆ వ్యాసం పేరు ముందుగా నేనే చెబుతాను.

చదివే వరుస విషయంలో ఇంకొంచెం. మొదట చెప్పిన ప్రసంగం తరువాత, అదే సంపుటిలో కళ వల్ల ఉపయోగమేమిటని చర్చించిన వ్యాసం చదవండి. ఆ పైన "డాన్స్ ఆఫ్ శివ"లోకి తిరిగి వచ్చి రససిద్ధాంతం మీద ఉన్న వ్యాసం పట్టుకోండి. సాహిత్యదర్పణం ఆధారంగా రసాస్వాదాన్ని బ్రహ్మాస్వాదానికి తోబుట్టువుగా చెప్పే భాగం తెలుగు, సంస్కృత కావ్యాల పరిచయం కొంచెమున్నా హాయిగా సాగుతుంది. "ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్"కు అప్పుడు రండి, మొదటి అధ్యాయం, విగ్రహాల పుట్టుక గురించిన చివరి అధ్యాయం చాలు. 1927 నాటి "హిస్టరీ ఆఫ్ ఇండియన్ అండ్ ఇండోనేషియన్ ఆర్ట్" వరసగా చదివే పుస్తకం కాదు, అవసరమైనప్పుడు తెరిచి చూసుకునేది. ఆయన జీవితకాలంలో వెలువడిన పుస్తకాలకు మన దేశంలో కాపీరైట్ గడువు 2007తో ముగిసింది కాబట్టి పాత ముద్రణల స్కాన్లు ఉచితంగానే దొరుకుతాయి. ఖరీదైన కొత్త ముద్రణలు కొనవలసిన పనిలేదు. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవని మాత్రం మరిచిపోకండి.

"డాన్స్ ఆఫ్ శివ" నా ప్రతిని ప్రతి ఏడాది ఎవరో ఒక విద్యార్థికి అరువిచ్చేవాణ్ని. ఒక ఏడాది తీసుకున్న అమ్మాయి తిరిగి ఇచ్చినప్పుడు, సతి గురించిన ఆ పేరా పక్కన మార్జిన్‌లో సన్నని పెన్సిల్ అక్షరాలతో "ఎవరి కోసం?" అని రాసి ఉంది. తరగతిలో బిద్రీ హుక్కా ముందు, విగ్రహాల ముందు నేను వాళ్లచేత అడిగించిన ప్రశ్నే అది. నేను చెరపలేదు. తరువాతి ఏడాది తీసుకున్న అబ్బాయి దాని కింద ఆమెతో విభేదిస్తూ రెండు వాక్యాలు రాశాడు, ఆ తరువాత తీసుకున్నవారు అతనికి జవాబు రాశారు. ఇప్పుడు ఆ పేజీ మార్జిన్‌లో రాయడానికి చోటు లేదు.